తోటలో నీళ్ల తొట్టి దగ్గర రాత్రి లైటు: ఏది మేలు?

ఆనందపురం, పద్మనాభం, భీమిలి వైపు జీడితోటో మామిడితోటో కొనుక్కున్న విశాఖ వాళ్లు చాలామంది ఓ మూల చిన్న నీళ్ల తొట్టి కట్టి, పక్కన గింజల పళ్లెం వేలాడదీస్తున్నారు. పగలు పావురాలు, గోరింకలు, నెమళ్లు వస్తాయి. వాటిని చూడ్డానికి ఏ సరంజామా అక్కర్లేదు. రాత్రి వచ్చే కుందేలునో, ముళ్లపందినో, పునుగుపిల్లినో చూడాలనిపించినప్పుడే లైటు మాట వస్తుంది. షాపులో అడిగితే ఎన్ని వాట్లు కావాలంటారు. ఎన్ని వాట్లన్నది తర్వాత సంగతి, ముందు ఆ వెలుగు ఎవరికోసమో తేల్చుకోవాలి. జంతువుకైతే అవసరం లేదు, దానికి చీకట్లో మనకన్నా బాగా కనిపిస్తుంది. మిగిలింది రెండు పనులే: మనం దాన్ని చూడాలి, లేదా మనం నడిచే దారిలో పాము కనపడాలి. ఈ రెంటికీ ఒకే లైటు సరిపోదు.

అందరికీ ముందు తట్టేది మీటరు నుంచి వైరు లాగి ఫ్లడ్‌లైటు పెట్టడం. బిల్లు గురించి టెన్షన్ పడక్కర్లేదు. పది వాట్ల ఎల్‌ఈడీ రాత్రంతా, అంటే 12 గంటలు వెలిగినా నెలకు మూడున్నర యూనిట్లు దాటి పెద్దగా కాలదు. చిక్కు వేరే చోట ఉంది. మోటారుకిచ్చే వ్యవసాయ కరెంటు రోజుకు 9 గంటలే, అదీ పగటిపూట. రాత్రి లైటు కావాలంటే ఇంటి కనెక్షన్ ఉండాలి. భూమిలో పాతిన వైరును పందికొక్కులు కొరుకుతాయి, కాబట్టి పైపులో వేయాలి. ఎర్త్ లీకేజీ అయితే సప్లై కొట్టేసే బ్రేకరు తప్పనిసరి, ఎందుకంటే మీరు కరెంటు తీసుకెళ్తున్నది నీళ్ల తొట్టి దగ్గరికి. ఇంటి దగ్గరే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి అక్కణ్నుంచి 12 వోల్టులు పంపిస్తే ఇంకా నిశ్చింత.

ఇవన్నీ చేయించినా ఫ్లడ్‌లైటుకు నా ఓటు లేదు. తెల్లటి ఎల్‌ఈడీలో నీలి కాంతి ఎక్కువ, పురుగులు దానికే ఎగబడతాయి. తొలకరి పడిన సాయంత్రం ఉసిళ్లు ఎలా ముసురుకుంటాయో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. పురుగుల కోసం కప్పలు, కప్పల కోసం పాములు. పైగా రాలిన గింజలకు ఎలుకలు ఎలాగూ చేరతాయి. పాము కనపడాలని పెట్టిన లైటే పామును పిలిచినట్టవుతుంది. బెదురు ఎక్కువున్న జంతువులు వెలుగు అంచుదాకా వచ్చి వెనక్కి తిరుగుతాయి. మిగిలేది ఊరకుక్కలే.

సోలార్ సెన్సర్ లైటు అంతకంటే మంచి బేరం, కానీ డబ్బా మీది అంకెలు నమ్మొద్దు. చౌక లైటు మీద వంద వాట్లని రాసి ఉంటుంది. లోపల ఉండేది తరచుగా 3.7 వోల్టులు, 2000 మిల్లీయాంపియర్ అవర్ సెల్లు ఒకటి. లెక్క కడితే ఏడున్నర వాట్ అవర్ లోపే. పది వాట్ల దీపాన్ని అది ముప్పావుగంట కూడా మోయలేదు. అదే సెల్లు, మనిషో జంతువో వచ్చినప్పుడు అరనిమిషం వెలిగి ఆరిపోయే దీపమైతే రాత్రికి నలభైసార్లు వెలిగించగలదు. దానికి కావలసింది మూడు, నాలుగు వాట్ అవర్లే. అందుకే ఎప్పుడూ వెలిగే సోలార్ లైటు వద్దు, సెన్సర్‌తో వెలిగేదే కొనండి.

సెన్సర్లలోనూ రెండు రకాలున్నాయి. పీఐఆర్ అనేది ఒంటి వేడి కదలికను పసిగడుతుంది. రాడార్ అనేది ఏది కదిలినా వెలిగిస్తుంది, సముద్రపు గాలికి ఊగే కొమ్మ అయినా సరే. మన వైపు పీఐఆరే మేలు. అది ఎదురుగా వచ్చేదానికన్నా అడ్డంగా దాటేదాన్ని బాగా పడుతుంది, కాబట్టి దారికి పక్కగా బిగించాలి. సోలార్ పలక మామిడిచెట్టు నీడలో పడితే ఛార్జి ఎక్కదు. పలక వేరుగా, వైరుతో వచ్చే మోడల్ తీసుకుని ఎండలో దక్షిణం వైపు కాస్త వాల్చి పెట్టండి, విశాఖకు పదిహేడు, పద్దెనిమిది డిగ్రీల వాలు చాలు. వానాకాలంలో వరుసగా మబ్బు పట్టిన రోజుల్లో ఇది మొరాయిస్తుంది, ఒప్పుకోవాల్సిందే. కానీ 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిపోయాక కరెంటు లేకుండా రోజులు గడిపిన ఊళ్లో, మీటరుతో సంబంధం లేని దీపం ఒకటుండడం మంచిదే. తీరానికి దగ్గరైతే ఇనుప క్లాంపులు ఉప్పుగాలికి తుప్పు పడతాయి, స్టీలువి వేయించండి.

రంగు విషయంలో నాకు రెండో మాట లేదు. వెలుగు రంగును కెల్విన్లలో చెబుతారు, అంకె పెరిగేకొద్దీ వెలుగు నీలితెలుపు వైపు పోతుంది. డబ్బా మీద 6500 కెల్విన్ అని ఉంటే వదిలేయండి. 2200 దగ్గర ఉన్న పసుపు వెలుగు తీసుకోండి, పురుగులు తక్కువ చేరతాయి. మోకాలి ఎత్తులో, నేలకేసి తిప్పి, పైకి వెలుగు పోకుండా మూతతో పెట్టాలి. అదీ మీరు నడిచే దారిలో, తొట్టికి దూరంగా.

మరి చూడడం ఎలా? దానికి ట్రైల్ కెమెరాకు సాటి లేదు, అంటే ఎదుట జంతువు కదిలితే తనంతట తానే పనిచేసే కెమెరా. ఇన్‌ఫ్రారెడ్ కాంతితో చీకట్లోనే ఫోటో, వీడియో తీస్తుంది. ఆ కాంతి తరంగదైర్ఘ్యం 850 నానోమీటర్లున్న రకం ఎక్కువ దూరం చూస్తుంది, కానీ పనిచేసేటప్పుడు సన్నగా ఎర్రటి మెరుపు కనిపిస్తుంది. 940 రకంలో ఆ మెరుపు కూడా ఉండదు, దూరం మాత్రం తగ్గుతుంది. తొట్టికి నాలుగైదు మీటర్లలో పెట్టేదానికి 940 చాలు. తోట దగ్గర రాత్రుళ్లు ఉండనివాళ్లకు అసలు వేరే లైటెందుకు? వరండాలో కూర్చుని కళ్లారా చూడాలనే కోరిక ఉన్నవాళ్లకు మాత్రం కెమెరా చప్పగా ఉంటుంది, అది నిజం. వాళ్లు తొట్టికి దూరంగా, మసకగా వెలిగే ఎర్ర దీపం ఒకటి పెట్టి చూడొచ్చు. చాలా క్షీరదాలకు ఎరుపు సరిగా ఆనదు.

కొన్నిచోట్ల ఏ లైటూ పెట్టకపోవడమే సరైన జవాబు. భీమిలి దాటాక ఇసుకతీరాన్ని ఆనుకుని తోట ఉంటే జనవరి నుంచి మే దాకా సముద్రం వైపు వెలుగు కనపడనివ్వొద్దు. ఆ నెలల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. పిల్లలు వెలుతురున్న వైపే సముద్రమనుకుని పాకుతాయి, మీ దీపం చూస్తే ఊరివైపు తిరుగుతాయి. కంబాలకొండ అభయారణ్యం అంచున ఉన్నవాళ్ల సంగతి ఇంకోలా ఉంటుంది. అక్కడ చిరుతలున్నాయి. గింజలకూ దుంపలకూ అడవిపందులు మరిగితే వాటి వెనక ఏం వస్తుందో ఊహించొచ్చు. అలాంటి చోట లైటు కన్నా ముందు తీసేయాల్సింది మేత. నీళ్లు ఉంచండి, గింజలు పగలు పిట్టలకు సరిపడా వేసి సాయంత్రానికి పళ్లెం లోపల పెట్టేయండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఎర వేయడాన్ని కూడా వేట కిందే లెక్కిస్తుంది. కాబట్టి అడవిపందికి మేత పెట్టి దాని మీద లైటు వేస్తే అటవీశాఖ వాళ్లకు మీ ఉద్దేశం వివరించుకోవాల్సి రావచ్చు.

డబ్బు ఒక్కదానికే ఉంటే కెమెరా కొనండి. రెండింటికి ఉంటే దారికి పసుపు సెన్సర్ లైటు కలపండి. ఫ్లడ్‌లైటు ఇప్పటికే బిగించేసి ఉంటే పీకక్కర్లేదు. బల్బు మార్చి, గేటు వైపు తిప్పి, దాని స్విచ్చి మీ మంచం పక్కన పెట్టించుకోండి.