కొమ్మకు వేళ్లు పట్టాలంటే: ఇసుక, కొబ్బరి పొట్టు, పెర్లైట్

పర్లాకిమిడిలోని మా పెరట్లో కొన్నేళ్లుగా దానిమ్మ, అంజూర, నిమ్మ కొమ్మలు నాటి మొక్కలు చేస్తున్నాను. వేళ్లు పుట్టేదాకా కొమ్మకు ఎరువు అవసరం లేదు, గాలి కావాలి. వర్మికంపోస్టు సంగతి కుండీ మార్చాకే.

మహేంద్రతనయ నది ఇసుక మాకు అందుబాటులో ఉంటుంది. ఒండ్రు పోయేలా కడిగిన ముతక ఇసుకలో కొమ్మ కుళ్లడం చాలా తక్కువ. అయితే వేళ్లు పొడుగ్గా, పిల్లవేళ్లు లేకుండా సాగుతాయి. కుండీ మార్చేటప్పుడు పుటుక్కున తెగుతాయి. ఎండాకాలంలో ఒక్క పూట తడపకపోయినా కొమ్మ వడిలిపోతుంది. సముద్రపు ఇసుక మాత్రం వద్దు, అందులో ఉప్పు ఉంటుంది.

కొబ్బరి పొట్టు (కోకోపీట్)లో వేళ్లు గుబురుగా వస్తాయి, పొట్టుతో సహా గడ్డగా లేచి వస్తాయి. దిమ్మగా అమ్మే పొట్టును నానబెట్టి, గోధుమ రంగు నీరు తేటపడేదాకా కడిగితేనే ఉప్పు పోతుంది. దీన్ని ఒంటరిగా వాడితే వానాకాలంలో మోసపోతాం. పైన పొడిగా కనిపిస్తుంది, అడుగున నీరు నిలిచి ఉంటుంది. అంజూర కొమ్మ రెండు ఆకులు వేసి తలవాల్చిందంటే లాగి చూడండి: అడుగు నల్లబడి, వేలితో తాకగానే బెరడు జారిపోతుంది, పుల్లటి వాసన వస్తుంది. ఆ ఆకులు కొమ్మలో దాచుకున్న ఆహారంతో వచ్చినవి, వేళ్లతో కాదు.

పెర్లైట్ అంటే అగ్నిపర్వతపు గాజురాయిని బాగా వేడిచేసి పేలాల్లా ఉబ్బించినది. గాలి బాగా ఆడుతుంది, కానీ నీళ్లు పోస్తే పైకి తేలుతుంది. తడిపాకే కలపాలి, లేకపోతే ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. నది ఇసుక దొరికే మాకు దీనిపై ఖర్చు దండగ అని నా అభిప్రాయం.

రైస్ మిల్లు ఊకను నల్లగా కాల్చి, బూడిద కాకముందే నీళ్లు చల్లి ఆర్పితే అదీ పనికివస్తుంది.

ఇప్పుడు నేను వాడేది వానాకాలంలో రెండు పాళ్లు ఇసుక, ఒక పాలు పొట్టు; చలికాలంలో సమపాళ్లు. గుప్పెట్లో గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలే రావాలి. దానిమ్మకు పెన్సిల్ మందం, 20-25 సెంటీమీటర్ల ముదురు కొమ్మ తీసుకుంటాను.

మామిడి, జామ కొమ్మలతో మాత్రం ఈ ప్రయాస వద్దు. మామిడికి అంటు కట్టడమే దారి. జామకైతే చెట్టు మీదే బెరడు వలిచి, తడి నాచు (స్ఫాగ్నమ్ మాస్) చుట్టి, ప్లాస్టిక్ కాగితంతో బిగించి గాలి అంటు కట్టండి.