వడ్రంగి లైసెన్స్ అని ఎవురికీ డబ్బులు కట్టబాకండి, పీఎం విశ్వకర్మ చేయించుకోండి (మా తమ్ముడి అనుభవం)

మా తమ్ముడు తిరుపతిలోనే వడ్రంగి పని చేస్తాడు, ముందు తలుపులు కిటికీలు, ఇప్పుడు ఎయిర్ బైపాస్ రోడ్డు పక్క అపార్ట్‌మెంట్లలో మాడ్యులర్ కిచెన్లు, వార్డ్‌రోబ్‌లే ఎక్కువ. పీఎం విశ్వకర్మ అని చేతిపనోళ్ళకి కేంద్ర ప్రభుత్వం పెట్టిన స్కీమ్‌లో కార్పెంటర్‌గా రిజిస్టర్ అయ్యి ట్రైనింగూ టూల్‌కిట్టూ తీసుకున్నాడు. బాగుండాది, నా రేటింగ్ 5కి 4. ఆ ఒక్క మార్కు ఎందుకు తగ్గించానో కింద రాసినా.

దానికంటే ముందు ఒక మాట చెప్పాల. తమ్ముడు పనిచేసే పక్కన ఒక నెట్ సెంటర్‌లో ఏం చెప్పినారంటే ఇంక కార్పెంటర్ లైసెన్స్ లేకుండా వుడ్ వర్క్ చేస్తే ఫైన్ వేస్తారు, కొన్ని వేలు ఇస్తే మేమే తీసిస్తాం అని. అబద్ధం అబ్బా అది. మన దేశంలో ఉలి, చిత్రిక పట్టుకోని పని చేసుకునే మనిషికి లైసెన్స్ అనేది లేదు. కాలిఫోర్నియాలో అయితే ఉండాది, ఆడ కిచెన్ క్యాబినెట్ల పని కాంట్రాక్ట్‌కి తీసుకోవాలంటే సీ-6 అనే లైసెన్స్ కావాల, 4 ఏళ్ళ అనుభవం చూపించి పరీక్ష రాయాల. అట్లాంటి మాటలు యాడో విని ఈడ కూడా వచ్చిందనుకోని పాపం పనోళ్ళు భయపడతా ఉండారు.

మనకు కాగితాలు యాడ కావాలంటే, సొంతంగా షాపు పెడితే కార్పొరేషన్ దగ్గర ట్రేడ్ లైసెన్స్, కోత మిల్లు పెడితే ఫారెస్ట్ డిపార్ట్‌మెంట్ లైసెన్స్. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకి గవర్నమెంట్ ఇచ్చే నమోదు) ఆన్‌లైన్‌లో ఫ్రీ, దానికి రూపాయి కూడా లేదు. జీఎస్టీ అంటారా, ఒట్టి లేబర్ పని చేసేవాళ్ళకి ఏడాదికి 20 లక్షలు దాటితేనే. ఇంగొకటి, మనం శేషాచలం అడవి పక్కనే ఉండాం కాబట్టి కొయ్య కొన్న ప్రతిసారీ టింబర్ డిపో బిల్లు తీసుకోని దాచిపెట్టండి. ఎర్రచందనం ముక్క ఎంత తక్కువకి ఇస్తామన్నా సరే పర్మిట్ కాగితం లేకుండా ముట్టబాకండి, ఆ కేసులో ఇరుక్కుంటే ఇంట్లో వాళ్ళు కోర్టుల చుట్టూ తిరగాల్సిందే.

ఇప్పుడు విశ్వకర్మ సంగతి. 2023 సెప్టెంబర్ 17న మొదలైంది, 18 రకాల చేతిపనులు ఉండాయి, అందులో వడ్రంగం ఒకటి. 18 ఏళ్ళు నిండుండాల, ఇంట్లో ఒక్కరికే ఇస్తారు, ఇంట్లో గవర్నమెంట్ ఉద్యోగం ఉంటే రాదు. సీఎస్‌సీ సెంటర్‌కి (గవర్నమెంట్ ఆన్‌లైన్ పనులు చేసిపెట్టే కామన్ సర్వీస్ సెంటర్) పోయి ఆధార్, బ్యాంక్ పాస్‌బుక్, రేషన్ కార్డు, ఆధార్‌కి లింక్ అయిన ఫోన్ ఇస్తే చాలు, రిజిస్ట్రేషన్ ఫ్రీ. ఆ తర్వాత మూడు చోట్ల వెరిఫికేషన్ అవ్వాల, పల్లెలో అయితే పంచాయతీ, టౌన్‌లో అయితే మున్సిపాలిటీ, తర్వాత జిల్లా కమిటీ, చివర్లో స్క్రీనింగ్ కమిటీ, కాబట్టి ఓపిక పట్టాల. అది అయినాక సర్టిఫికెట్టూ ఐడీ కార్డూ వస్తాయి. అది లైసెన్స్ కాదు, గుర్తింపు అంతే, కానీ కొత్త కస్టమర్ దగ్గర కొటేషన్‌తో పాటు ఆ కార్డు చూపిస్తే అడ్వాన్స్ ఇచ్చేటప్పుడు వాళ్ళ మొహంలో అనుమానం తగ్గతాదని తమ్ముడే చెప్పినాడు.

నాకు అన్నింటికంటే నచ్చింది ట్రైనింగ్. బేసిక్ ట్రైనింగ్ 5 నుంచి 7 రోజులు, రోజుకి 500 స్టైపెండ్, అంటే కూలి మొత్తం పోదు. మావాడికి పని మా నాయన నేర్పించినాడు, చెక్క పని అంతా చేతిలో ఉండాది, కానీ లామినేట్ అతికించిన ప్లైవుడ్‌ని చేతి కట్టర్‌తో కోస్తే అంచు పెచ్చులు లేచిపోయేది, ఇంటి ఓనర్లతో మాట పడేవాడు. ఆడ సార్ చూపించింది చాలా చిన్న సంగతి, డిజైన్ ఉన్న పక్క కిందికి బోర్లించి, కోత గీత మీద టేప్ అతికించి, సన్న పళ్ళు ఎక్కువ ఉన్న బ్లేడు వేసి తొందర పడకుండా నడపడం. బ్లేడు పళ్ళు ముక్కని కింద నుంచి పైకి కోసుకుంటా వస్తాయి కాబట్టి పెచ్చులు పైపక్కే లేస్తాయి, ఆ పక్క ఎట్లాగూ లోపలికి పోతాది. ఇప్పుడు మావాడు కోసిన అంచు వేలితో రాస్తే ఎక్కడా గరుకు తగలదు! కళ్ళద్దాలు, మాస్క్ పెట్టుకోవాలని కూడా గట్టిగా చెప్పినారు, ఎండీఎఫ్ (చెక్క పొడిని అదిమి చేసే షీట్) దుమ్ము ఎట్లాంటిదో పనోళ్ళకి తెలుసు కదా. ఫోన్‌లో పేమెంట్ తీసుకోవడం, లెక్కలు రాసుకోవడం కూడా చెప్పినారు.

టూల్‌కిట్‌కి 15,000 వరకు ఇస్తారు, పెద్ద షాపు పెట్టేదానికి చాలదు గానీ అద్దె మిషన్ల బాధ కొంచెం తగ్గింది.

మార్కు తగ్గింది లోన్ దగ్గర. స్కీమ్ ప్రకారం మొదట 1 లక్ష 18 నెలలకి, అది సరిగ్గా కడితే 2 లక్షలు 30 నెలలకి, వడ్డీ 5 శాతమే, తాకట్టు అక్కర్లేదు. కానీ మేం పోయిన బ్యాంకులో ష్యూరిటీ తెమ్మన్నారు, రేపు రా ఎల్లుండి రా అని తిప్పినారు, పని మానుకోని తిరిగేవాడికి ఎంత కష్టమో వాళ్ళకి ఎవురు చెప్పాల. మీకూ ఇట్లనే అయితే రూల్ కాగితం ప్రింట్ తీసుకోని పొయ్యి మేనేజర్‌తోనే మాట్లాడండి.

ఇంకో సంగతి, వడ్రంగి పని చేసేవాళ్ళకి వేళ్ళ గీతలు అరిగిపోయుంటాయి, ఫెవికాల్ పొర కూడా ఉంటాది, సీఎస్‌సీలో వేలిముద్ర ఒక్కోసారి పడదు. పోయే ముందు రోజు రాత్రి చేతులు బాగా కడుక్కోని కొబ్బరినూనె రాసుకోండి, పొద్దున్నే తుడుచుకోని పోతే తొందరగా పడతాది.