ఫిల్టర్ బిగించి ఇచ్చే సెకండ్ హ్యాండ్ వైడ్ లెన్స్‌తో జాగ్రత్త

కొండలెక్కి ఫొటోలు తీసేవాళ్లలో చాలామందికి సెకండ్ హ్యాండ్ కెమెరా సామాన్లు అమ్మే ఆ షాపు తెలుసు. పేరు రాయను, అర్థమవుతుంది. పోయిన గురువారం అక్కడ 16-35 వైడ్ లెన్స్ (విశాలమైన దృశ్యం ఒకే ఫ్రేములో పట్టేది) తీసుకున్నాను, 34 వేలు. చీటీ ఎత్తిన డబ్బు. "అన్నా, మీకోసం యూవీ ఫిల్టర్ కూడా ఫ్రీగా బిగించి ఇస్తున్నా. వారంలో ఏ తేడా ఉన్నా తెచ్చేయండి" అన్నాడు షాపతను. యూవీ ఫిల్టర్ అంటే లెన్స్ ముందు మరలతో బిగించే గాజు పలక. వాట్సాప్‌లోనూ అదే రాశాడు. నమ్మాను.

శనివారం రాత్రి పాడేరులో ఉండి, తెల్లవారుజామున మూడున్నరకి లేచి, నేనూ మా బావమరిదీ వంజంగి కొండెక్కాం. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. లోయ నిండా మబ్బు, దాని మీద కొండల తలలు మాత్రమే తేలుతున్నాయి. ఈ దృశ్యం కోసమే ఆ లెన్స్ కొన్నాను. సూర్యుడు అంచు దాటగానే ఫ్రేము మధ్యలో ఓ ఆకుపచ్చటి మచ్చ పడింది. ఎదురు వెలుగులో తీసేటప్పుడు లెన్స్ ముందు అదనపు గ్లాసు ఉంటే ఇలాంటి మచ్చలు వస్తుంటాయి కదా, ఫిల్టర్ విప్పేద్దామనుకున్నాను. రాలేదు. ఇద్దరం మార్చి మార్చి తిప్పినా కదల్లేదు. ఈలోగా ఆ బంగారు వెలుగు కాస్తా తెల్లబడిపోయింది.

ఇంటికొచ్చి కంప్యూటర్‌లో పెద్దది చేసి చూస్తే ఇంకో దెబ్బ. కుడివైపు చెట్లు ఆకు ఆకు కనిపిస్తున్నాయి. ఎడమ అంచున ఉన్న చెట్లు మాత్రం తడి రంగు మీద వేలితో రాసినట్టున్నాయి. ట్రైపాడ్ మీద, ఫ్రేమంతా స్పష్టంగా రావాలని ఎపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) ఎఫ్/11కి తగ్గించి, టైమర్ పెట్టి తీసినవి. చెయ్యి వణికితే ఫ్రేమంతా చెదరాలి గానీ ఒక్క వైపే ఎందుకు చెదురుతుంది?

అప్పుడు ఫిల్టర్ చుట్టూ రబ్బరు బ్యాండ్లు వేసి, పట్టు దొరికాక, బలమంతా పెట్టి తిప్పితే వచ్చింది. లెన్స్ అంచున, మరలు ఉండే చోట, సొట్ట. ఫిల్టర్ ఎందుకు బిగుసుకుందో అప్పుడు తెలిసింది. ఆ చోట నలుపు మిగతా అంచు కంటే కాస్త మెరుస్తోంది. లెన్స్ తుడిచే తెల్ల గుడ్డకి రెండు చుక్కలు స్పిరిట్ వేసి రుద్దాను. గుడ్డకి నల్లగా అంటింది. కింద తెల్లటి లోహం బయటపడింది. మార్కర్ పెన్నుతో పూశాడు! కింద పడ్డ లెన్స్‌కి రంగేసి, సొట్ట కనపడకుండా ఫిల్టర్ బిగించి, అదేదో మర్యాద చేసినట్టు నా చేతిలో పెట్టాడు.

సోమవారం పొద్దున్నే షాపుకి వెళ్లాను. లెన్స్, గుడ్డ రెండూ కౌంటర్ మీద పెట్టాను. గుడ్డ వైపు చూశాడు, నా వైపు చూడలేదు. "కొండల మీద ఎక్కడో పడేసి, తెచ్చి మా నెత్తిన రుద్దుతావేంటి? నీలాంటోళ్లు రోజుకి పది మంది వస్తారు" అన్నాడు. డబ్బు చేతిలో పడేదాకా అన్నా, మీరు. పడ్డాక నువ్వు. చుట్టూ నలుగురు కస్టమర్లు. నాకు నోట మాట రాలేదు. వాట్సాప్‌లో వారం మాట చూపిద్దామని ఫోన్ తీస్తే ఆ మెసేజ్ డిలీట్ అయిపోయి ఉంది. ఎప్పుడు చెరిపేశాడో! 34 వేలకంటే ఆ క్షణమే ఇప్పటికీ మండుతోంది నాకు.

తప్పు నాదీ ఉంది. బిల్లు అడగలేదు. షాపులోనే ఫిల్టర్ విప్పి చూపించమనాల్సింది. ఇన్నేళ్లుగా ఫొటోలు తీస్తూ ఆ పాటి ఆలోచన రాకపోవడం నన్ను తొలిచేస్తోంది.

మీరు కొనేటప్పుడు ఫిల్టర్ విప్పించి మరలు వేలితో తడిమి చూడండి. ఓ ఇటుకల గోడకి ఎదురుగా నిలబడి, ఎపర్చర్ మొత్తం తెరిచి తీసి నాలుగు మూలలూ పోల్చండి. తర్వాత కెమెరా తలకిందులు చేసి అదే గోడ మళ్లీ తీయండి. గోడకి ఎడమ పక్కనున్న మసక కుడి పక్కకి మారితే లోపం లెన్స్‌దే. చాట్ స్క్రీన్‌షాట్లు అప్పటికప్పుడే తీసి పెట్టుకోండి.

సర్వీస్ వాళ్లు లోపల గ్లాసు పక్కకి ఒరిగిందన్నారు, బాగుచేయడానికి 11 వేలట. నేను 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. మెసేజ్ చెరిపేశాడు గానీ యూపీఐలో కట్టిన డబ్బు, తేదీ చెరపలేడు కదా. నల్ల మరక గుడ్డని కవర్లో పెట్టి దాచాను. హెల్ప్‌లైన్ వాళ్లు ఏం చెప్తారో ఇక్కడే రాస్తాను.