విజయవాడలో వైట్ ప్లేట్ సెల్ఫ్ డ్రైవ్ కారు తీసుకుంటున్నారా? ఒక్క నిమిషం ఆగండి

విజయవాడలోనో గుంటూరులోనో కొత్తగా కాపురం పెట్టి, శని ఆదివారాలు చుట్టుపక్కల తిరిగొద్దామని సెల్ఫ్ డ్రైవ్ కార్ల కోసం వెతుకుతున్న జంటల కోసం ఇది రాస్తున్నాను. నంబర్ ప్లేట్ తెల్లగా, అక్షరాలు నల్లగా ఉన్న కారును అద్దెకిస్తామంటే తీసుకోకండి, రేటు ఎంత తక్కువ చెప్పినా సరే. అది సొంత వాడకానికి రిజిస్టరైన కారు, అద్దెకు తిప్పడానికి దానికి పర్మిట్ ఉండదు. సెల్ఫ్ డ్రైవ్‌కి అనుమతి ఉన్న కారుకైతే నల్ల ప్లేట్ మీద పసుపు అక్షరాలుంటాయి. పసుపు ప్లేట్ మీద నల్ల అక్షరాలుంటే అది డ్రైవర్‌తో వచ్చే ట్యాక్సీ.

ప్లేట్ రంగుదేముందిలే అనుకోవద్దు. సొంత కారుకు తీసుకునే ఇన్సూరెన్స్ పాలసీలో, కిరాయికి తిప్పితే వర్తించదని రాసే ఉంటుంది. హైవే మీద ఏదైనా జరిగితే కంపెనీ క్లెయిమ్ తోసిపుచ్చొచ్చు. అప్పుడు కారు ఓనరు చూసేది స్టీరింగ్ పట్టుకున్న మనవైపే. మాకు అదృష్టం కొద్దీ ప్రమాదమేమీ జరగలేదు, డబ్బులు మాత్రమే పోయాయి.

మాది అనంతపురం వైపు. ఆయనకు ఇక్కడ ఉద్యోగం రావడంతో బెజవాడ వచ్చేశాం. స్కూటర్ మీద వెళ్లగలిగినవన్నీ అయ్యాక కొండవీడు, హంసలదీవి మిగిలాయి. ఆన్‌లైన్‌లో ఒక సెల్ఫ్ డ్రైవ్ ప్రకటన కనిపించింది. పేరు చెప్పను, ఇలాంటివి ఊళ్లో ఒకటి కాదు. రోజుకు 2,200, డిపాజిట్ 10,000, రోజుకు 250 కిలోమీటర్ల దాకా ఫ్రీ, దాటితే కిలోమీటరుకు 12. ఫొటోలో కొత్త కారు. తీరా వెళ్తే అదే మోడల్‌లో పాతది ఇచ్చారు, "అది సర్వీసింగ్‌కి వెళ్లింది మేడమ్" అని. డిపాజిట్ చాలదన్నట్టు మా స్కూటర్ అక్కడ పెట్టమన్నారు, దాని ఆర్సీతో సహా. ఇక్కడ అందరూ ఇలాగే చేస్తారని చెప్పారు. ఆ మాట అబద్ధమేం కాదు, చాలామంది చేస్తున్నారు.

మొదటి దెబ్బ కాజ టోల్ ప్లాజా దగ్గరే తగిలింది. కారు ఫాస్టాగ్‌లో బ్యాలెన్స్ లేదు. ఫాస్టాగ్ పనిచేయకపోతే యూపీఐతో కడితే మామూలు టోల్‌కి ఒకటింపావు రెట్లు పడుతుంది. వెనకాల లారీవాళ్ల హారన్లు, ఫోన్ ఎత్తని ఓనరు, ముందు కొత్త రోడ్డు. ఆ టెన్షన్‌లో ఎవరైనా కట్టేసి ముందుకు పోతారు. తర్వాత అడిగితే "టోల్ కస్టమర్‌దే కదండీ" అన్నారు. టోల్ మాదే, ఒప్పుకుంటాం. అదనంగా పడిన పావు వంతు ఎవరిది?

కొండవీడు మాత్రం బాగుంది. రెడ్డిరాజుల కోట దాకా ఘాట్ రోడ్డుంది, పైన చెరువులు, శిథిలాలు, గాలి. మర్నాడు కూచిపూడి, మోపిదేవి మీదుగా హంసలదీవి, అక్కణ్నుంచి కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటికి. కారును ఇసుకలోకి దించలేదు, రోడ్డు మీదే ఆపి నడిచాం. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో కింద తెలుస్తుంది.

రాత్రి కారు అప్పగించినప్పుడు సందులో వెలుతురు లేదు. తాళాలు తీసుకున్న కుర్రాడు చుట్టూ ఒకసారి తిరిగి, "పొద్దున చెక్ చేసి డిపాజిట్ వేసేస్తారు, బండి కూడా అప్పుడే తీసుకెళ్లండి" అన్నాడు. పొద్దున డిపాజిట్ రాలేదు, వాట్సాప్‌లో లెక్క వచ్చింది. ముందు బంపర్ అడుగున గీత, 4,500. ఆ రిపేరుకు రెండు రోజులు కారు ఖాళీగా ఉంటుందని డౌన్‌టైమ్ కింద 4,400. ఇసుక క్లీనింగ్ 700. జీపీఎస్‌లో ఓవర్ స్పీడ్ కనిపించిందని 500. మొత్తం 10,100. పైన ఉన్న వంద మాకోసం వదిలేస్తున్నామని కూడా రాశారు. అంత పెద్ద మనసు!

కారు తీసుకునేటప్పుడు మేం చుట్టూ వీడియో తీశాం. డోర్లు, డిక్కీ, టైర్లు, స్టెప్నీ, మీటర్ రీడింగ్ అన్నీ ఉన్నాయి. బంపర్ అడుగు లేదు. రోడ్డు మీద పడుకుని ఎవరు తీస్తారండీ? వాళ్లకు తెలిసిందీ అదే. గీత ఎప్పుడూ మన వీడియోలో పడని చోటే దొరుకుతుంది. తర్వాత ఇరుగుపొరుగుతో మాట్లాడితే, మా పై ఫ్లోర్‌లో ఉండే జంటకు వేరే చోట ఇదే అనుభవం, గీత ఉన్నది కూడా అదే చోట. అద్దె తక్కువ పెట్టి ఎరవేయడం, లాభం డిపాజిట్‌లోంచి లాగడం. వీళ్ల వ్యాపారం ఇదేనని నా అభిప్రాయం.

మమ్మల్ని కొంతవరకు కాపాడింది వాళ్ల సొంత వాట్సాప్ స్టేటస్సే. రెండు రోజులు రిపేర్‌లో ఉంటుందన్న కారును అదే రోజు మధ్యాహ్నం "అవైలబుల్" అని పెట్టుకున్నారు. ఆ స్క్రీన్‌షాట్ పంపి, మా స్కూటర్ ఇవ్వకపోతే నేరుగా పోలీస్ స్టేషన్‌కే వెళ్తామన్నాం. సాయంత్రానికి స్కూటర్, ఆర్సీ ఇచ్చేశారు, డౌన్‌టైమ్ 4,400 తిరిగి వేశారు. మిగతా 5,600 పోయినట్టే.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాం. సంస్థ పేరు, అడ్రస్, బిల్లు అడిగారు. బిల్లు లేదు. జీఎస్టీ నంబర్ లేదు. మేం యూపీఐలో కట్టింది ఎవరో ఒక మనిషి సొంత ఖాతాకు, కారు రిజిస్ట్రేషన్ ఇంకొకరి పేరు మీద. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు కూడా ఉండదు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లోంచే ఫిర్యాదు వేయొచ్చు. కానీ ఎవరి మీద వేయాలి? బోర్డు లేని సందు మీదా? కాబట్టి అన్నిటికంటే ముందు బిల్లు అడగండి. సంస్థ పేరుతో బిల్లు ఇవ్వనివాళ్లకు డిపాజిట్ ఇవ్వొద్దు.

కారు ఎక్కే ముందు ఎంపరివాహన్ యాప్‌లో నంబర్ కొట్టండి, అరనిమిషం పని. వాహనం తరగతి దగ్గర మోటర్ కార్ అని ఉంటే సొంత కారు, మోటర్ క్యాబ్ అని ఉంటే కిరాయి కారు. ఇన్సూరెన్స్, పొల్యూషన్ గడువులు కూడా అందులోనే కనిపిస్తాయి. పాత ఈ-చలాన్లు ఎన్ని ఉన్నాయో చూసి స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, లేకపోతే నెల తర్వాత ఎవరిదో స్పీడ్ చలానా ఓనరు మీ ఫోన్‌కి పంపొచ్చు. ఒరిజినల్ ఆధార్, లైసెన్స్, సొంత బండి ఏదీ తాకట్టు పెట్టొద్దు. డిజిలాకర్‌లో లైసెన్స్ చూపిస్తే పోలీసులకే సరిపోతుంది, వీళ్లకెందుకు సరిపోదు? కారు పగటిపూటే అప్పగించండి. "కారు అందింది, డ్యామేజ్ లేదు" అని వాళ్ల చేత అక్కడే మెసేజ్ పెట్టించుకుని గానీ కదలొద్దు. ఇక వీడియోలో బంపర్ అడుగు ఉండాల్సిందే, ఫోన్ కిందికి పెట్టి తీయండి చాలు.

కిలోమీటర్ల లెక్క కూడా ముందే వేసుకోండి. గుంటూరు, పిడుగురాళ్ల, మాచర్ల మీదుగా నాగార్జునసాగర్, దారిలో ఎత్తిపోతల చూసి వెనక్కి వస్తే 300 దాటుతుంది. 250 లిమిట్ ఉన్న కారుతో వెళ్తే చౌక అనుకున్న అద్దె అక్కడే చౌక కాకుండా పోతుంది.

అసలు ఇక్కడ చాలా చోట్లకు కారే అక్కర్లేదు. ఉండవల్లి గుహలు ప్రకాశం బ్యారేజీ దాటితే వచ్చేస్తాయి, ఆటో చాలు. నాలుగంతస్తులు కొండను తొలిచి కట్టినవి, లోపల పడుకున్న అనంతపద్మనాభుణ్ని చూసి తీరాలి. మంగళగిరికి, అమరావతికి ఆర్టీసీ బస్సులున్నాయి. సూర్యలంక బీచ్‌కి బాపట్ల దాకా రైల్లో వెళ్లి అక్కణ్నుంచి ఆటో ఎక్కొచ్చు. ఉప్పలపాడు పక్షుల చెరువు గుంటూరు పక్కనే. భవానీ ద్వీపానికి ఎలాగూ పడవే గతి. నిజంగా కారు కావాల్సింది కొండవీడు, హంసలదీవి, సాగర్ లాంటి వాటికి. వాటికి పసుపు ప్లేట్ ట్యాక్సీ మాట్లాడుకుంటే అద్దె కాస్త ఎక్కువైనా డిపాజిట్ ఉండదు, గీతల గొడవ ఉండదు, దారిలో ఇద్దరూ కబుర్లు చెప్పుకోవచ్చు. మా తర్వాతి సాగర్ ప్రయాణానికి అలాగే మాట్లాడుకున్నాం.

కార్తీకంలో వనభోజనాలకు, బీచ్‌లకు జనం కదిలేటప్పుడు ఇలాంటి ప్రకటనలు ఇంకా ఎక్కువవుతాయి. ఫోన్ చేసినప్పుడు రేటు అడగకముందే నంబర్ ప్లేట్ ఫొటో పంపమనండి. పంపకపోతే ఇంకో నంబర్‌కి చేయండి.