నొప్పులు రప్పించే జెల్ పెట్టించుకునే ముందు ఇది చదవండి: నేను అడగని ఆపరేషన్‌ని నా కోరిక అని రాశారు

డిశ్చార్జ్ షీట్ మూడో పేజీలో, కింద నుంచి నాలుగో లైను. "పేషంటు కోరిక మేరకు సిజేరియన్ చేయడమైనది" అని ఇంగ్లీషులో టైపు చేసి, కింద స్టాంపు కొట్టి ఇచ్చారు. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన నాలుగో రోజు రాత్రి, బాబుని పడుకోబెట్టి, పిల్లల డాక్టరుకి చూపించడానికి ఫైలు సర్దుతుంటే కంట పడింది. రెండుసార్లు చదివాను. మా ఆయన్ని లేపి ఆయనతోనూ చదివించాను. తర్వాత ఇద్దరికీ నిద్ర పట్టలేదు.

నేను కోరలేదు. తొమ్మిది నెలల్లో ఏ చెకప్‌కి వెళ్లినా నేను అడిగింది ఒక్కటే: "నార్మల్ అవుతుంది కదా మేడమ్?" ఆ మాట ఆ డాక్టరమ్మకి గుర్తులేకుండా ఉండదు.

ఆస్పత్రి పేరు రాయను. "సిజేరియన్ మాకు ఆఖరి మార్గం" అని రిసెప్షన్‌లో బోర్డు పెట్టుకున్న చోటు అంటే మీలో కొందరికి తెలిసిపోతుంది. నేను ఆ బోర్డు చూసే చేరాను.

జరిగింది తొందరగా చెప్పేస్తాను, ఎక్కువసేపు కూర్చోలేకపోతున్నాను. మొదటి కాన్పు. బీపీ లేదు, షుగర్ లేదు, బిడ్డ ఎదుగుదల బాగుంది, కదలికలు బాగున్నాయి. 39 వారాల 2 రోజులకి మామూలు చెకప్‌కి వెళ్తే స్కాన్ తీయించి, "ఉమ్మనీరు తగ్గిపోతోంది, ఇవాళే అడ్మిట్ అవ్వాలి, నొప్పులు రప్పిద్దాం" అన్నారు. హడలిపోయి చేరిపోయాం. స్కాన్ రిపోర్టు నా చేతిలోనే ఉంది. ఆ కవరు విప్పి చూడాలని నాకు తోచలేదు. ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటున్నది దీనికే. అందులో ఏఎఫ్‌ఐ 9 సెంటీమీటర్లు అని స్పష్టంగా ఉంది. కడుపుని నాలుగు భాగాలుగా చూసి, ఒక్కో భాగంలో నీటి లోతు కొలిచి కూడితే వచ్చే అంకె అది. 5 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే నీరు తక్కువ అంటారు. 9 ఉంటే తక్కువ కాదు. నెలలు నిండాక నీరు కొంత తగ్గడం కూడా మామూలే. ఇదంతా నాకు కుట్లు పడ్డాక తెలిసింది.

పొద్దున పదింటికి జెల్ పెట్టారు. సాయంత్రం నాలుగింటికి రెండోసారి. రాత్రి పదింటికి సెలైన్‌లో నొప్పులు పెంచే మందు, ఆక్సిటోసిన్ మొదలుపెట్టారు. తెల్లవారి ఆరింటికి గర్భసంచి ముఖద్వారం 3 సెంటీమీటర్లు తెరుచుకుందని చెప్పి ఉమ్మనీటి సంచి పగలగొట్టారు. ఆ ముఖద్వారం ఎంత మెత్తబడింది, స్కోరు ఎంత అని మొదట్లోనే చూస్తారట. బిషప్ స్కోర్ అంటారు. 1964 నుంచీ వాడుకలో ఉన్న లెక్క. ముఖద్వారం ఎంత తెరుచుకుంది, ఎంత పలచబడింది, ఎంత మెత్తగా ఉంది, ఏ వైపు తిరిగి ఉంది, బిడ్డ తల ఎంత కిందికి దిగింది, ఈ అయిదింటికీ మార్కులు వేస్తారు. 8 దాటితే నొప్పులు రప్పించినా కాన్పు సాఫీగా అయ్యే అవకాశం బాగుంటుంది. 6 లోపే ఉంటే ముఖద్వారం ఇంకా సిద్ధంగా లేదని, చాలాసేపు పట్టొచ్చని అర్థం. నాకెంతో ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. ఒక రోజుకి పైగా పట్టొచ్చని ముందే చెప్పి ఉంటే కనీసం మనసు గట్టి చేసుకునేదాన్ని.

అసలు విషయం తొమ్మిదింటికి జరిగింది.

మేడమ్ వచ్చారు. బ్యాగు భుజానికే ఉంది. చెయ్యి పెట్టి చూసి, "ప్రోగ్రెస్ లేదమ్మా, ఆపరేషన్‌కి వెళ్దాం" అన్నారు. నీటి సంచి పగలగొట్టి అప్పటికి మూడు గంటలే అయింది. "ఇంకాసేపు చూడొచ్చా మేడమ్?" అని అడిగాను. ఆవిడ నా వైపు చూడలేదు. మా ఆయన వైపు తిరిగి, "బిడ్డకి ఏమన్నా అయితే నాకు సంబంధం లేదని రాసిస్తారా మీరు?" అన్నారు. ఆయన మొహంలో రక్తం లేదు. "అంత ప్రమాదంగా ఉందా మేడమ్?" అని మాత్రం అడగగలిగారు. "లేకపోతే నేనెందుకు చెప్తాను?" అని ఆవిడ జవాబు.

నా పక్కనున్న మిషన్ మీద బిడ్డ గుండె చప్పుడు 142, 144, 140 అని కనిపిస్తూనే ఉంది. రాత్రంతా దాన్నే చూస్తూ గడిపాను, అందుకే ఆ అంకెలు గుర్తున్నాయి. 110 నుంచి 160 మధ్య ఉంటే మామూలే అంటారు. అంకె ఒక్కటే చూసి అంతా బాగుందని చెప్పలేమని నాకు ఇప్పుడు తెలుసు, గ్రాఫ్ మొత్తం చూడాలి. కానీ గ్రాఫ్‌లో ఫలానా తేడా ఉంది అని ఆ గదిలో ఒక్కరూ అనలేదు. ఎవరూ ఆ కాగితం వైపు చూడలేదు కూడా.

నర్సు సంతకం ఫారం పెట్టిన అట్ట తెచ్చింది. దానికి నీలం పెన్ను ఒకటి గాజుగుడ్డ పోగుతో కట్టి ఉంది. పోగు పొట్టిది, సంతకం దగ్గరికి సరిగ్గా అందట్లేదు, అట్టనే నా వైపు వంచి పట్టుకుంది. అదే సమయానికి నొప్పి వచ్చింది. "ఆగండి, ఇది పోనివ్వండి" అన్నాను. "పెట్టేయమ్మా, టైమ్ లేదు" అంది. నొప్పిలోనే పెట్టాను. నా సంతకంలా లేదది. "ఆపరేషన్‌కి కారణం" అని రాసిన చోట అప్పటికి ఏమీ లేదు, ఖాళీ గీత. నేను చూశాను. చూసి కూడా సంతకం పెట్టాను. ఆ ఖాళీలో తర్వాత ఎవరు ఏం నింపారో డిశ్చార్జ్ షీట్ చూస్తే తెలుస్తోంది.

టైమ్ లేదన్నవాళ్లు నన్ను లోపలికి తీసుకెళ్లింది గంటా నలభై నిమిషాల తర్వాత. మత్తు డాక్టరు రావాలట.

బాబు బాగున్నాడు. పుట్టగానే గట్టిగా ఏడ్చాడు.

నొప్పులు రప్పించడమే (ఇండక్షన్ అంటారు) తప్పని ఎవరూ అనుకోవద్దు. మొదట నేనూ అలాగే అనుకున్నాను, ఇప్పుడు అనుకోవట్లేదు. అమెరికాలో మొదటి కాన్పు వాళ్లు 6,000 మందికి పైగా పాల్గొన్న అరైవ్ అనే అధ్యయనం 2018లో వచ్చింది. 39వ వారంలో నొప్పులు రప్పించినవాళ్లలో 18.6 శాతం మందికి సిజేరియన్ అయితే, ఆగి చూసినవాళ్లలో 22.2 శాతం మందికి అయింది. అంటే ఓపికగా చేస్తే ఇండక్షన్ వల్ల ఆపరేషన్లు పెరగాలని ఏమీ లేదు. బీపీ పెరిగినా, నొప్పులు రాకుండా నీరు పోయినా, బిడ్డ ఎదుగుదల ఆగినా, 41 వారాలు దాటినా అది చాలా అవసరం కూడా. కదలికలు తగ్గాయనిపిస్తే నా పోస్టు చదివి ఇంట్లో కూర్చోకండి, వెంటనే వెళ్లండి. సిజేరియన్ కూడా అంతే. ప్రాణాలు కాపాడే ఆపరేషన్ అది. నిజంగా అవసరమై చేసుంటే చేతులెత్తి దండం పెట్టేదాన్ని.

నాకు మండుతున్నది ఓపిక పట్టకపోవడం గురించి. అమెరికా గైనకాలజిస్టుల సంఘం 2014లోనే చెప్పింది: తల్లీబిడ్డా బాగుంటే, నీటి సంచి పగిలాక ఆక్సిటోసిన్ ఇస్తూ కనీసం 12 నుంచి 18 గంటలు చూశాకే ఇండక్షన్ ఫెయిల్ అయిందనాలని. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో అసలు కాన్పు నొప్పులు 5 సెంటీమీటర్ల దగ్గర మొదలైనట్టు లెక్కపెట్టమంది, గంటకో సెంటీమీటరు తెరుచుకోవాలన్న పాత లెక్క అందరికీ పనికిరాదంది. నేను 5 దాకా వెళ్లనే లేదు. ప్రోగ్రెస్ లేదని అప్పుడే ఎలా తేల్చారు? రేపు రెండో కాన్పు అంటే ఈ కుట్టు లెక్కలోకి వస్తుంది. నార్మల్‌కి ప్రయత్నించొచ్చు, కానీ అన్నిచోట్లా ఒప్పుకోరు, కొన్ని మందులు వాడకూడదు, మాయ కుట్టు దగ్గర అతుక్కుందేమో చూసుకోవాలి. ఇంత పెద్ద నిర్ణయం నా పేరు మీద రాశారు, నన్ను అడగకుండా.

నిన్న ఫోన్ చేశాను. మేడమ్ మాట్లాడలేదు. కౌంటర్‌లో అమ్మాయి, "అది కంప్యూటర్‌లో అలాగే వస్తుందండీ, బాబు బాగున్నాడు కదా, ఇంకేంటి ప్రాబ్లమ్?" అంది. నాకు గొంతు పూడుకుపోయింది. ఫోన్ మా ఆయనకి ఇచ్చేశాను.

అడ్మిట్ అవ్వమంటే ముందు ఆ స్కాన్ కవరు విప్పి అంకె చూడండి. నాకు ఇండక్షన్ ఎందుకు, స్కోరు ఎంత, ఎన్ని గంటలు చూస్తారు, రెండు రోజులు ఆగి మళ్లీ స్కాన్ చేస్తే ఏమవుతుంది అని అడగండి. నొప్పుల్లో మీరు అడగలేరు, కాబట్టి ఈ ప్రశ్నలన్నీ పక్కనుండేవాళ్లకి ముందే నేర్పి పెట్టండి. కారణం రాయని కాగితం మీద సంతకం పెట్టొద్దు, వాళ్ల చేత రాయించి ఫోటో తీసుకున్నాకే పెట్టండి. డిశ్చార్జ్ షీట్ అక్కడే కూర్చుని చివరిదాకా చదవండి.

ఆ లైను తీసేసి అసలు కారణం రాయాలని, గ్రాఫ్ కాగితాలు, నేను సంతకం పెట్టిన ఫారం కాపీలు ఇవ్వాలని ఇవాళ రాతపూర్వకంగా అడిగాం. కాగితం తీసుకున్నారు, తీసుకున్నట్టు సంతకం మాత్రం పెట్టబోమన్నారు. మా ఆయన ఇంకా అక్కడే కూర్చున్నారు.