పెంచి వదిలిన పిట్ట బతకాలంటే ఏ పద్ధతి మేలు?

నంద్యాల జిల్లా రోళ్లపాడు అభయారణ్యంలో ఉండే బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) గురించి ఎప్పుడు రాసినా అదే ప్రశ్న వస్తోంది. రాజస్థాన్‌లో గుడ్లు పొదిగించి పిల్లల్ని పెంచుతున్నారు కదా, వాటిని తెచ్చి ఇక్కడ వదిలేస్తే సరిపోదా అని. వదలడం తేలికే, వదిలాక ఎన్నాళ్లు బతుకుతాయన్నదే అసలు సంగతి. ఈ విషయంలో బాగా అనుభవం ఉన్నది బ్రిటన్ వాళ్లకి. అక్కడి గ్రే పార్ట్రిడ్జ్ మన కౌజు పిట్ట కుటుంబానికి చెందిన పిట్టే, 1960ల చివరి నుంచి నూటికి తొంభైకి పైగా తగ్గిపోయింది. దాన్ని తిరిగి నిలబెట్టాలని రకరకాలుగా వదిలి చూశారు.

ఎక్కువమంది చేసేది ఇంక్యుబేటర్లో పొదిగించి, షెడ్డులో దాణా పెట్టి పెంచి, పంట కోతలయ్యాక గుంపులుగా వదలడం. ఖర్చు తక్కువ, ఎన్ని కావాలంటే అన్ని దొరుకుతాయి. కానీ మెత్తటి దాణాతో పెరిగిన పిట్టకు కందనకాయ చిన్నగా, పేగులు పొట్టిగా ఉంటాయి, బయటి ముతక మేత సరిగా అరగదు. దీన్ని కొంత సరిదిద్దుకోవచ్చు. ఫెజెంట్ (అదే కుటుంబంలోని మరో పిట్ట) పిల్లలకు చిన్నప్పటి నుంచే రకరకాల మేత, ఎక్కి కూర్చునే కర్రలు ఇస్తే, వదిలాక మెరుగ్గా బతికాయని ఎక్సెటర్ యూనివర్సిటీ వాళ్లు చూపించారు.

దాణాతో సరిదిద్దలేనిది ఒకటుంది, నా లెక్కలో తేల్చేది అదే: పిల్లను ఎవరు సాకారు అన్నది. డేగ కనబడితే నేలకు కరుచుకుని కదలకుండా ఉండాలని, నక్క వస్తే ఎగరాలని, ఏ గట్టు మీద పురుగులు దొరుకుతాయో, రాత్రి ఎక్కడ పడుకోవాలో పిల్ల నేర్చుకునేది తల్లిదండ్రుల అరుపుల్ని, నడకని బట్టే. షెడ్డులో అది నేర్పేవాళ్లు లేరు. అందుకే నా ఓటు దత్తత పద్ధతికి. గూడు పాడై పిల్లల్లేకుండా మిగిలిన అడవి జంటకు కొన్ని వారాల వయసున్న పెంపకం పిల్లల్ని అప్పగిస్తారు. గ్రే పార్ట్రిడ్జ్‌లో ఆడా మగా రెండూ పిల్లల్ని సాకుతాయి, పరాయి పిల్లల్ని కూడా చేరదీస్తాయి. ఇలా పెరిగినవి షెడ్డు పిట్టలకన్నా బాగా నిలదొక్కుకున్నాయి. చిక్కల్లా ఒక్కటే, అప్పగించడానికి ముందు అక్కడ జంటలుండాలి. అందుకే అసలేమీ మిగలని చోట మొదటి ఏడు గుంపుల్ని వదిలి, వాటిలో బతికి జంటకట్టి పిల్లల్ని పోగొట్టుకున్నవాటికి మరుసటేడు అప్పగిస్తారు.

వసంతంలో పెద్ద పిట్టల్ని జంటలుగా వదలడం కూడా ఉంది, ఫలితం అంతంతమాత్రం. అడవి పిట్టల్నే పట్టి తరలిస్తే మంచిదే, కానీ ఇచ్చే చోట మిగులు ఉండాలి కదా. ఇక ఫారం కౌజు పిట్టల్ని కొని పొలాల్లో వదలొచ్చా అని అడిగేవాళ్లకి: వద్దు. మన దగ్గర ఫారాల్లో పెంచేవి జపాన్ జాతివి, ఇక్కడివి కావు.

ఏ పద్ధతైనా మొదటి రెండు వారాలు పిల్లకు పురుగులే తిండి, కలుపు మందు కొట్టిన చేలో పురుగులు బతికే కలుపు మొక్కలు పోతాయి కాబట్టి అవి సరిగా దొరకవు. రోళ్లపాడులో బట్టమేక పిట్ట కొన్నేళ్లుగా దాదాపు కనిపించడమే లేదు, కాబట్టి దత్తత ఇప్పట్లో కుదరదు. అక్కడ ముందు చూడాల్సింది గడ్డి నేల, చుట్టూ ఉన్న రైతుల పంటలు, పిట్టలు తగిలి చచ్చే కరెంటు తీగలు. అవి కుదిరాక వదిలే పిల్లల్ని కూడా ఆ నేల మీదే, కంచె లోపల, మనుషుల అలికిడి లేకుండా పెంచాలి.