పాత కరిజ్మాను ఇ20కి మార్పించాక: రెండేళ్ల వాడకం

విజయనగరంలో ఇప్పుడు ఏ బంకుకి వెళ్లినా పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే, అదే ఇ20. కొత్త బళ్లకి దాంతో పేచీ లేదు. నాది పాత హీరో హోండా కరిజ్మా బైకు, 223 సీసీ, కార్బురేటర్ బండి. 2003లో ఆ మోడల్ వచ్చేనాటికి మన దేశంలో ఇథనాల్ కలపడం 5 శాతంతో అప్పుడప్పుడే మొదలైంది. ఇంజిన్‌లో రబ్బర్లు, జెట్లు (కార్బురేటర్‌లో పెట్రోలుని కొలిచి వదిలే సన్న రంధ్రాల ముక్కలు) అన్నీ ఆ కాలం పెట్రోలుకి తగ్గవే. అందుకే రెండేళ్ల కిందట బండిని ఇ20కి తగ్గట్టు పూర్తిగా మార్పించాను.

ఆ ఖర్చు పెట్టినందుకు నాకు చాలా తృప్తిగా ఉంది. అయితే పికప్ పెరుగుతుందనుకుని చేయించేవాళ్లు మాత్రం ఆగండి. ఇథనాల్ కలిస్తే ఆక్టేన్, అంటే ఒత్తిడికి ముందే అంటుకోకుండా తట్టుకునే గుణం, పెరిగే మాట నిజమే, మామూలు పెట్రోలు 91 అయితే ఇ20 దాదాపు 95. కానీ ఆ ఆక్టేన్ ఉపయోగపడాలంటే ఇంజిన్ కంప్రెషన్ (సిలిండర్‌లో మిశ్రమాన్ని నొక్కే నిష్పత్తి) ఎక్కువ ఉండాలి. కరిజ్మా కంప్రెషన్ 9కి 1. దాన్ని ముట్టుకోకుండా ఆక్టేన్ ఒక్కటే పెరిగితే బండి పరుగులో తేడా ఏమీ తెలియదు. పైగా లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలు కన్నా మూడో వంతు తక్కువ. మైలేజీ అక్కడే పడిపోతుంది. నాకు హైవే మీద 38 దాకా ఇచ్చేది ఇప్పుడు 35 దగ్గర ఆగుతోంది.

కొత్త జెట్లు కొనుక్కుని షెడ్డుకి వెళ్తే మా మెకానిక్ వాటిని పక్కన పెట్టేశాడు. "జెట్టు మార్చేస్తే అయిపోద్దేటి బాబూ? ముందు రబ్బర్లు చూడాల" అన్నాడు. పెట్రోలు పైపు లాగితే చివర మెత్తబడి ఉబ్బిపోయి ఉంది, గోరుతో నొక్కితే గుంట పడి అలాగే నిలిచిపోయింది. ట్యాప్ లోపలి ఓ-రింగులు, కార్బురేటర్ అడుగున పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నె ప్యాకింగ్, గిన్నెలోకి పెట్రోలుని ఆపే ఫ్లోట్ నీడిల్ కొసన ఉండే రబ్బరు, అన్నిటిదీ అదే వరస. నీడిల్ సరిగ్గా కూర్చోకపోతే పెట్రోలు ఓవర్‌ఫ్లో అయి వేడి ఇంజిన్ మీద పడుతుంది, అది ప్రాణం మీదకి వచ్చే విషయం. వీటన్నిటి బదులు ఇథనాల్‌ని తట్టుకునే విటాన్ రబ్బరువి వేయించాను. జెట్లతో కలిపి ఖర్చు రెండున్నర వేలు దాటలేదు. ఒక ఓ-రింగు తప్ప ఆ రబ్బర్లన్నీ ఇప్పటికీ గట్టిగానే ఉన్నాయి.

జెట్ల సంగతికి వస్తే, ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పాత జెట్లతో గాలి, పెట్రోలు మిశ్రమం పల్చబడుతుంది. నాతవలస దాటి హైవే మీద అరవై, డెబ్బైలో నిలకడగా వెళ్తుంటే బండి ఎవరో వెనక్కి లాగి వదులుతున్నట్టు ఊగేది. ప్లగ్గు విప్పితే కొస తెల్లగా సున్నం పూసినట్టుండేది. మెయిన్ జెట్, పైలట్ జెట్ ఒక్కో సైజు పెంచి, మిశ్రమం సర్దే స్క్రూ అర తిప్పు వదిలాక ఆ ఊగుడు పోయింది. ప్లగ్గు కాఫీ రంగుకి వచ్చింది. ఎండాకాలం మధ్యాహ్నం సాలూరు నుంచి సుంకి వైపు ఘాట్ ఎక్కించినా ఇంజిన్ కొట్టుకోలేదు, వేడికి డీలా పడలేదు. గాలితో చల్లారే ఇంజిన్‌కి మిశ్రమం పల్చగా ఉండటం ఎంత ప్రమాదమో తెలిసినవాళ్లకి ఈ మాట విలువ అర్థమవుతుంది.

మొదటి నెలలో ఫిల్టర్ పదేపదే మూసుకుపోయింది. ట్యాంకులో ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డిని ఇథనాల్ కరిగించి కిందికి తెస్తుంది. ట్యాంకు కడిగించి, ఫిల్టర్ రెండుసార్లు మార్చాక సర్దుకుంది.

అసలు తలనొప్పి నీళ్లు. ఇథనాల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది, మనది సముద్రం పక్క జిల్లా. ఇంట్లో ఒకసారి పరీక్ష చేసి చూశాను. గీతలున్న గాజు సీసాలో 10 మిల్లీలీటర్ల నీళ్లు, 90 మిల్లీలీటర్ల పెట్రోలు పోసి బాగా ఊపి పెట్టాను. తేరుకున్నాక అడుగున నీళ్ల మట్టం 10 దగ్గర లేదు, 28 దాకా లేచింది. పెట్రోలులోని ఇథనాల్ అంతా నీళ్లలోకి దిగిపోయింది. ట్యాంకులో నీరు ఎక్కువైనా జరిగేది ఇదే. ఆ అడుగు పొరే ముందు కార్బురేటర్‌లోకి వెళ్తుంది, బండి స్టార్ట్ కాదు. సిరిమాను పండగ రోజుల్లో ముసురు పట్టి బండి చాలా రోజులు కదలకుండా ఉండిపోయినప్పుడు గిన్నె డ్రెయిన్ స్క్రూ వదిలితే పెట్రోలుతో పాటు నీటి బొట్లు గుండ్రంగా దొర్లుతూ వచ్చాయి. గిన్నె అడుగున తెల్లటి పొక్కు కట్టింది. అప్పట్నుంచి వానాకాలంలో ట్యాంకు నిండుగా ఉంచుతున్నాను, లోపల ఖాళీ తగ్గితే తేమా తగ్గుతుంది. వారానికోసారైనా దూరం తిప్పుతున్నాను. బండిని నెలల తరబడి కవర్ కప్పి ఉంచేవాళ్లయితే కార్బురేటర్ ఖాళీ చేసి పెట్టండి, మళ్లీ తీసినప్పుడు బోలెడు టెన్షన్ తప్పుతుంది.

ఇ85కి, అంటే 85 శాతం ఇథనాల్‌కి, వెళ్లొచ్చు కదా అని స్నేహితులు అడుగుతుంటారు. కిలో పెట్రోలు మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి, కిలో ఇథనాల్‌కి 9 కిలోలు చాలు. అంటే జెట్లు చాలా పెద్దవి వేయాలి. అలా వేసిన కార్బురేటర్ బండిలో మర్నాడు మామూలు పెట్రోలు పోస్తే ప్లగ్గు నల్లబడి ఆగిపోతుంది. ఏది పోసినా తనే సర్దుకోవాలంటే ఇంజెక్షన్, సెన్సర్లు ఉండాలి. 2024లో హోండా తెచ్చిన ఫ్లెక్స్ ఫ్యూయల్ సీబీ300ఎఫ్ అలా తయారైనదే. మా చుట్టుపక్కల బంకుల్లో ఇ85 నాకు దొరకనూ లేదు.

ఇథనాల్ మీద నాకు కోపం లేదు. భీమసింగి చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక మా వైపు చెరకు వేసేవాళ్లు తగ్గిపోయారు. సంకిలి ఫ్యాక్టరీలో ఇథనాల్ తయారవుతోంది, దానివల్ల చెరకు రైతుకి బిల్లు సకాలంలో అందితే మైలేజీలో మూడు కిలోమీటర్లు పోయినా నాకు సమ్మతమే. ఆ రైతు బాగుండాలి, నా కరిజ్మా కూడా తిరగాలి.

ట్యాప్ దగ్గర ఓ-రింగు ఒకటి ఈమధ్య చెమ్మగిల్లుతోంది. కొత్తది తెచ్చి పెట్టాను, దాంతో పాటు ఫ్లోట్ గిన్నె కూడా విప్పి తుడిపించాలి.